పొట్టి బీన్సుకి పందిరి

(హైదరాబాదు. నవంబరు నెలాఖరు, పొద్దున్నే. మేడ మీద కుండీల దగ్గర అనసూయ, మూర్తి.)

అనసూయ: ఏమండీ, ఆ పందిరి ఎందుకు?

మూర్తి: బీన్సుకి. పాకొద్దూ?

అనసూయ: అది అర్క కోమల్ అండీ, పొట్టి రకం. అడుగున్నర లేస్తే గొప్ప. పందిరెక్కాలంటే దానికి నిచ్చెన కావాలి.

మూర్తి: సర్లే, బట్టలారేసుకో. ఆకులు చూడు, ఎంత నిగనిగలాడుతున్నాయో!

అనసూయ: ఆకులకేం! నా కుండీలతో పాటే పెట్టారుగా, పూతేదీ? యూరియా ఏమన్నా వేశారా?

మూర్తి: రెండు చెంచాలే...

అనసూయ: అదీ సంగతి. మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపాక ఇంకా యూరియా ఏమిటి? నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీద పడి పూత మరిచిపోతుంది.

మూర్తి: బీన్సు వేళ్లకి బుడిపెలుంటాయి, గాల్లో నత్రజని అవే పట్టుకుంటాయి. నాకా చెప్తావ్?

అనసూయ: (ఆయన మొక్కొకటి పీకి) ఏవీ బుడిపెలు? వేళకి వండిపెట్టే మనిషుంటే పొయ్యి వెలిగించేదెవరు? మీకు తెలీనిదా!

మూర్తి: నువ్వు మటుకు? గింజలు రాత్రంతా నానేశావ్. పగిలి సగం కుళ్లాయి. పొడి గింజ అంగుళం లోతులో పెట్టి, ఓసారి తడిపి, మొలకొచ్చేదాకా నీళ్లు తగ్గించమన్నానా?

అనసూయ: మిగతా సగం కాస్తున్నాయిగా!

మూర్తి: కాస్తే కొయ్యవేం? ఇదిగో, గింజ ఉబ్బిపోయింది. గింజ ముదిరితే మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది. రెండ్రోజులకోసారి కొయ్యాలి. విరిస్తే టక్కుమనాలి.

అనసూయ: ఇప్పుడే కోస్తా.

మూర్తి: ఆగు! మంచు ఆరనీ. తడాకుల్లో చెయ్యి పెడితే తెగుళ్లు ఒక మొక్క నుంచి ఇంకోదానికి నువ్వే అంటిస్తావు.

(ఎండెక్కాక)

అనసూయ: అలా గుంజకండి, కొమ్మ విరుగుతుంది! ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో తుంచాలి. అయ్యో, పచ్చివి నమలకండి, కడుపులో తిప్పుతుంది.

మూర్తి: మరి త్వరగా వండు. చింతపండు పులుసు పెట్టి.

అనసూయ: పులుపు ముందే పడితే ముక్క ఉడకదు, పచ్చదనమూ పోతుంది. పాటోళీ చేస్తా. పావుకిలో బీన్సుకి అరకప్పు శనగపప్పు రెండు గంటలు నానేసి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్రతో బరగ్గా రుబ్బాలి.

మూర్తి: నీళ్లు పోసి?

అనసూయ: చుక్క కూడా వద్దు. ఇడ్లీ రేకుల్లో పది నిమిషాలు ఆవిరి పట్టి, పూర్తిగా చల్లారాకే చిదపాలి. వేడిమీద చిదిపితే పొడిపొడిగా రాదు, ముద్దే. ఆనక ఇంగువ తాలింపులో వేసి, మూత లేకుండా ఉడికించిన బీన్సు కలపడమే.

మూర్తి: (తూచి) నూట యాభై గ్రాములే ఉన్నాయే!

అనసూయ: సంచీ పట్టుకుని రైతుబజారుకి బయల్దేరండి.

మూర్తి: వెళ్తాగానీ, కలిపి తరిగెయ్. పక్కింటాయనకి మొత్తం మన మేడదేనని చెప్పా.