కార్డు లేని రోగి ఖర్చు ఎవరి పద్దులో?

కర్నూలులో తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. మంత్రాలయం అవతల రాయచూరు, ఆలూరు అవతల బళ్లారి. ప్రాణం మీదికొస్తే ఈ మూడు వైపుల నుంచీ పేదజనం కర్నూలు పెద్దాసుపత్రికే పరుగెత్తుకొస్తారు. 1956లో ఇక్కడ వైద్య కళాశాల పెట్టినప్పటి నుంచీ అదే అలవాటు.

ఈ ప్రాంతంలోనే ఒక సర్కారు ఆస్పత్రిలో బంధువుకు తోడుగా రెండు రాత్రులు ఉన్నాను. పక్క మంచం మీద తెలంగాణలోని అలంపూరు వైపు కుర్రాడు, బైకు మీంచి పడి తొడ ఎముక విరిగింది. రాగానే కట్టు కట్టారు, సెలైన్ ఎక్కించారు, ఎవరూ ఆరోగ్యశ్రీ కార్డు అడగలేదు. లోపల రాడ్ వేయాలన్నప్పుడే సమస్య మొదలైంది. "మా కార్డు ఈడ చెల్లదంట సార్, రాడ్ బయట తెచ్చుకోవాలంట" అంటూ వాళ్లమ్మ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. 2014కు ముందైతే ఆ కార్డు ఇక్కడా చెల్లేది.

సర్కారు ఆస్పత్రికి జీతాలు ఖజానా నుంచి, మందులు రాష్ట్ర సంస్థ నుంచి వస్తాయి. వీటికి తోడు, ఎన్టీఆర్ వైద్యసేవ (మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు) కింద ఆపరేషన్ చేస్తే క్లెయిమ్ డబ్బు వస్తుంది. అందులో కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా పోగా, మిగిలింది ఆస్పత్రి అవసరాలకు. అంటే కార్డున్న రోగి వెంట డబ్బు వస్తుంది, కార్డు లేని రోగి వెంట ఖర్చు మాత్రమే వస్తుంది. డాక్టర్లు ఎంత మంచివాళ్లయినా ఈ తేడా వార్డులో కనిపించకుండా పోదు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పథకం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అది రోగికిచ్చే భరోసా, ఆస్పత్రికిచ్చే నిధి కాదు. ఆయుష్మాన్ భారత్ కార్డును ఏ రాష్ట్రంలోనైనా వాడుకోవచ్చంటారు. ఆ పథకానికి కేంద్రం పెట్టుకున్న జాబితాలో పేరుంటేనే కదా! రాష్ట్రాలు సొంతంగా చేర్చుకున్న కుటుంబాలకు ఆ వెసులుబాటు లేదు.

పొరుగు రాష్ట్రాల వాళ్లకు మన డబ్బెందుకని అడగొచ్చు. ఆ లెక్క ప్రభుత్వాలు తమలో తాము తేల్చుకోవాలి, కాలు విరిగిన కుర్రాడితో కాదు. పైగా కార్డు లేనివాళ్లంతా బయటివాళ్లూ కారు. కోసిగి, పెద్దకడబూరు నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లి నెలల తర్వాత తిరిగొచ్చేవాళ్లున్నారు. కోడలి పేరు ఇంకా కార్డులో ఎక్కని ఇళ్లున్నాయి. కొడుకులు వేరుపడ్డాక ఏ కార్డులోనూ లేకుండా మిగిలిపోయిన ముసలివాళ్లున్నారు.

పేద రోగులు మరీ ఎక్కువగా వచ్చే ఆస్పత్రులను లెక్కలోకి తీసుకుని చెల్లింపులు జరపాలని అమెరికా 1981లోనే చట్టం చేసింది. అక్కడి వైద్యం ఎంత ఖరీదో మనకు తెలిసిందే, ఆ పద్ధతిని పొగడటం నా ఉద్దేశం కాదు. అయితే ఎవరినీ వెనక్కి పంపని ఆస్పత్రికి ఆ భారం కొలిచి డబ్బివ్వాలన్న ఆలోచన న్యాయమైనదే. కర్నూలు, అనంతపురం, కడప సర్వజన ఆస్పత్రులకు బడ్జెట్లో ఇలాంటి పద్దు విడిగా ఉండాలి. డబ్బు మూడు నెలలకోసారి ముందే అందాలి. బిల్లులు పెట్టి ఏడాదంతా ఎదురుచూస్తే రాడ్లు సరఫరా చేసేవాడు ఆగడు.

ఇందుకు కొత్త సర్వే కూడా అక్కర్లేదు. అడ్మిషన్ రిజిస్టర్‌లో రోగి ఊరు రాస్తూనే ఉన్నారు. పక్కన కార్డు ఉందో లేదో ఒక గడి చేర్చి, ఈ నెల నుంచే లెక్క మొదలుపెట్టొచ్చు.