బొమ్మల పుస్తకానికి శాలువా కప్పే విధానం

కామిక్సుకు సాంస్కృతిక గౌరవం దక్కిందా లేదా అన్నది ఇప్పుడు నెల్లూరు ముందున్న తీవ్ర సమస్య. తీవ్రతలో దోమల తర్వాతదే. ఇంతవరకూ దీనికి శాస్త్రీయంగా జవాబు చెప్పింది పాత పేపర్ల కొట్టు ఒక్కటే. కాటా మీద వారపత్రిక, పదో తరగతి గైడు, కామిక్సు అన్నీ సమానం. తేడా ఆ తర్వాత వస్తుంది. న్యూస్‌ప్రింటు బజ్జీ నూనెను పీలుస్తుంది, బొరుగుల పొట్లంగా చుడితే మడత నిలుస్తుంది. నున్నటి ఆర్టు పేపరు చుక్క నూనె కూడా పీల్చదు, అంతా జారి చొక్కా మీదికొస్తుంది. రంగుల కామిక్సు ఆ విధంగా బజ్జీల బండి దగ్గరే పరీక్ష తప్పింది.

పెద్దల అభ్యంతరం వేరు. "ఏంది సామీ, ఇంత వయసొచ్చి ఇంకా బొమ్మలు చూస్తా కూచుండావా?" అంటారు. బొమ్మ చూడటానికి శ్రమ అక్కర్లేదనీ, శ్రమ లేనిదానికి గౌరవం ఉండదనీ భావం. అదే రామాయణాన్ని గుడి గోడమీద వరసగా చెక్కితే ఈ సిద్ధాంతం వర్తించదు. అక్కడ చెప్పులు విడిచి చూస్తాం గదా.

ఇతర దేశాలవాళ్లు ఈ గౌరవాన్ని ఎలా సంపాదించారో చూద్దాం. 1954లో అమెరికాలో ఒక మానసిక వైద్యుడు కామిక్సు పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ పెట్టింది. ప్రచురణకర్తలు హడలిపోయి తమకు తామే నియమావళి రాసుకున్నారు. ప్రతి కథలోనూ మంచే గెలవాలని అందులో ఒక షరతు. 1978లో కామిక్సు గీసే విల్ ఐస్నర్ తన పుస్తకం అట్ట మీద 'గ్రాఫిక్ నవల' అని వేయించాడు. బండి మీద దోసెకు ఏసీ హాల్లో పేరు మారినట్టు, అప్పట్నుంచీ మర్యాద మొదలైంది. 1992లో ఆర్ట్ స్పీగల్‌మన్ గీసిన బొమ్మల పుస్తకం 'మౌస్'కు అమెరికా సాహిత్య బహుమతి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. అందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. చదివినవాళ్లెవరికీ నవ్వు రాలేదు కాబట్టి సాహిత్యమని తేలింది.

దీన్నిబట్టి మన జిల్లాకు ఒక పద్ధతి తయారుచేసుకోవచ్చు. 32 పేజీల పిన్ను పుస్తకం పనికిరాదు. మధ్యలో పిన్ను కొట్టాలంటే పేజీలు నాలుగేసి చొప్పున పెరగాల్సిందే. కథ 29కి అయిపోతే మిగిలిన మూడింట్లో పళ్లపొడి ప్రకటన దిగుతుంది. పళ్లపొడి దిగిన చోట సంస్కృతి నిలవదు. అట్ట గట్టిదై ఉండాలి, దారంతో కుట్టాలి, టౌన్ హాల్లో ఆవిష్కరించేటప్పుడు ముఖ్య అతిథి మణికట్టు కొంచెం వంగాలి. ఎనిమిది పేజీల ముందుమాట తప్పనిసరి. బొమ్మల గురించి అందులో ఒక్క వాక్యం కూడా రాకుండా చూసుకోవాలి. బొమ్మలు గీసినవారిని సభకు పరిచయం చేసేటప్పుడు బంధుత్వం వాడాలి. పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీసిన బుజ్జాయి అంటే "ఎవరూ?" అంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి అనండి, కుర్చీలోంచి లేస్తారు.

చిక్కల్లా అతిథి పొరపాటున పుస్తకం తెరిస్తేనే. ఏం చూడాలో ముందే చెప్పి ఉంచటం మంచిది.

మొదట మాటల బుడగ చూడాలి. ఇంగ్లీషు కామిక్సులో దాదాపు అన్నీ పెద్దక్షరాలే. పైకి పొడుచుకొచ్చేదీ కిందికి వేలాడేదీ ఉండవు, వరుసలు ఒకదానిమీద ఒకటి ఇటికల్లా కూచుంటాయి. తెలుగుకు పైన గుడి, కింద వత్తు. రెండు వరుసల మధ్య అంత చోటు వదలకపోతే పై వరుస వత్తు కింది వరుస తలకట్టులో గుచ్చుకుంటుంది. వదిలితే బుడగ చాలదు. 'వెళ్లిపోతున్నాననుకుంటున్నావేమో' అనే ఒక్క మాట బుడగ అడ్డంగా నిండిపోతుంది. విరిస్తే అర్థం చెడుతుంది, అక్షరం తగ్గిస్తే వత్తుల్లో సిరా పూడుకుపోతుంది, బుడగ పెంచితే వెనక ఉన్న మనిషి చెవి పోతుంది. అనువాదాల్లో ఎక్కువగా పోయేది చెవే.

తోక మరీ ప్రమాదం. బుడగ కింది కొస ఎవరి నోటివైపు తిరిగితే మాట వాళ్లది. వేలెడు జరిగితే రావణుడి మాట సీత అంటుంది. ఈ పొరపాటు మన ఊరికి కొత్తేం కాదు. భారతం చెబుతూ పద్యం సాగక తిక్కన "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట. లేఖకుడు గురునాథుడు దాన్నీ పద్యంలో రాసేసుకుంటే, సంధి విడదీసి 'కురునాథా' అని చదివినప్పుడు సంజయుడు ధృతరాష్ట్రుడితో అన్నట్టు అతికిందని చెప్పుకుంటారు. కవి బుడగ తోక సంజయుడి వైపు తిరిగింది. కావ్యంలో అది ఐతిహ్యం. కామిక్సులో అచ్చుతప్పు.

చివరగా, గడికీ గడికీ మధ్య ఉండే తెల్లసందు. ఒక గడిలో బుట్టలో చేప. పక్క గడిలో ముళ్లు మిగిలిన కంచం. మధ్యలో పావు అంగుళం ఖాళీ కాగితం. ఆ పావు అంగుళంలో చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలేసి, పులుసు దించింది చదివేవాడే. శ్రమ లేదన్నవారు ఒకసారి తమ చేతులు వాసన చూసుకోవాలి.

ఇంత పనితనానికీ గౌరవం లేకపోవటం సబబే. తోలుబొమ్మ కూడా తెర వెనక దీపం పెట్టుకుని, ఉలితో పొడిచిన నగల చిల్లుల్లోంచి వెలుగు రాలుస్తూ రాత్రంతా కథ చెప్పినన్నాళ్లు ఊరి చివరే ఉంది. అదే తోలును లాంప్‌షేడుగా కుట్టాక డ్రాయింగ్ రూములో ఫ్యాను కింద చోటు దొరికింది. అమెరికాలోనూ ఇంతే. 1938లో 10 సెంట్లకు అమ్మిన సూపర్‌మ్యాన్ తొలి కథ ప్రతి ఒకటి 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. అలాంటి ప్రతులకు పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు. సీలు తీస్తే మార్కులు పోతాయి. ఎవరూ చదవలేని స్థితికి వస్తే గౌరవం సంపూర్ణమైనట్టు.

నిజానికి గ్రంథాలయ శాస్త్రం ఈ పంచాయితీ ఎప్పుడో తీర్చేసింది. లైబ్రరీల్లో పుస్తకాలకు అంకెలిచ్చి సర్దే డ్యూయీ పద్ధతిలో కామిక్సు అంకె 741.5. అంటే లలితకళల వరుసలో, శిల్పానికి తర్వాత, వర్ణచిత్రాలకు ముందు. మన దగ్గర మాత్రం అది పిల్లల బీరువాలో అడుగు అరకు చేరుతుంది. తీయాలంటే ముఖ్య అతిథి అంతటివాడైనా గొంతుక్కూచోవాలి. తీసి కౌంటరు మీద పెడితే ముద్ర వేసే ఆయన తలెత్తకుండానే అడుగుతాడు, "పిలకాయలకా సార్?"

"ఆ, పిలకాయలకే."