వసంతంలో పార్కులను ఊడ్చకండి

ఉగాది దగ్గర పడి కోయిల కూసిందంటే చాలు, బెంగళూరులోని తెలుగువాళ్లం వసంతం వచ్చేసిందనుకుంటాం. మన కవులు ఆ రుతువు మొత్తాన్నీ కోయిలకే రాసిచ్చేశారు మరి. కానీ అది ఏడాది పొడవునా ఇక్కడే ఉండే పిట్ట. మార్చి, ఏప్రిల్ నెలల్లో లాల్‌బాగ్‌లో, కబ్బన్ పార్కులో చూడవలసింది వలస పక్షుల తిరుగు ప్రయాణాన్ని. ఐరోపావాళ్లకు వసంతమంటే పక్షుల రాక, మనకు పోక. ఇది పట్టకపోవడం వల్లే సరిగ్గా తప్పుడు నెలల్లో పార్కులను ముస్తాబు చేస్తున్నాం.

గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట బరువు సుమారు 8 గ్రాములు. చలికాలమంతా కొన్ని చెట్లను తనవిగా చేసుకుని, మరో వార్బ్లర్ వస్తే అరిచి తరిమేస్తుంది. ఎండలు ముదిరాక హిమాలయాలకో మధ్య ఆసియాకో ఎగిరిపోవాలి. దారి బత్తెం ఒంట్లోని కొవ్వే, ఆ కొవ్వు పురుగులు తింటేనే పట్టేది. ఇండియన్ పిట్టా అనే మరో వలస పక్షి అయితే చెట్లపై కాదు, నేల మీదే రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ పురుగులను మేస్తుంది. మన నగరంలో చాలా చెట్లు ఆకు రాల్చేది జనవరి, మార్చి మధ్యనే. చెట్లు వడ్డన పూర్తిచేసేలోగా మనం విస్తరి ఎత్తేస్తున్నాం! ఆకులు సంచుల్లోకి, లేదంటే మంటల్లోకి. పొదలు నరికిన చోట పచ్చిక పరుస్తారు. దాని మీద మైనాలు తిరుగుతాయి, అంతే.

చెత్త ఉంటే పాములు, దోమలు వస్తాయంటారు. పాముల భయాన్ని కాదనను. నడిచే దారులను అద్దంలా ఉంచుకోండి, చెట్ల కిందకు చీపురు ఎందుకు? డెంగీ దోమ పుట్టేది డ్రమ్ముల్లో, టైర్లలో నిలిచిన నీటిలో. ఎండుటాకుల్లో కాదు.

అసలు జబ్బు మన కంటిలో ఉంది. గీత గీసినట్టు ఉంటేనే అందమనుకునే ఆ కన్నే చెరువులను కూడా పాడు చేసింది. అంచులు నిటారుగా, నడుమ లోతుగా తవ్వి, చుట్టూ నడకదారి వేసి అభివృద్ధి అన్నారు. బురద అంచున, చీలమండ లోతు నీటిలో మేసే ఉల్లంకి పిట్టలు ఎక్కడ నిలబడాలి? 2023 నాటి 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక దీర్ఘకాలిక ధోరణి తేల్చిన 338 పక్షి జాతుల్లో 60 శాతం తగ్గుముఖంలో ఉన్నాయి. ఆ లెక్కకు ఆధారం దాదాపు 30,000 మంది పక్షి వీక్షకులు రాసుకున్న నమోదులు. తెల్లవారుజామున బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరిగేవాళ్లను చూసి పనిలేనివాళ్లని నవ్వుకునే నడక మిత్రులకు ఈ మాట ప్రత్యేకం.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా ప్రతి పార్కులో కనీసం మూడో వంతు నేలను ఊడ్చకుండా వదలాలి. ఉద్యాన శాఖకు ఇందుకు నిధులు, టెండర్లు అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. అపార్ట్‌మెంట్ సంఘాలకైతే అదీ అక్కర్లేదు, తోటమాలికి ఒక మాట చెబితే సరిపోతుంది.