కండ్లు కాదు, గళ్లు మార్చుండ్రి

యాభై దాటిన ఆడమనిషి పాత క్రాస్ స్టిచ్ (గళ్ల బట్ట మీద ఇంటూ గుర్తు లెక్క వేసే కుట్టు) డబ్బా బయటికి తీస్తే చాలు, ఇంట్ల ఎవరో ఒకరు అంటరు: "ఇప్పుడెందుకమ్మా, కండ్లు ఆగమైతయి." ఈ మాటకే ఎంతమంది సూది పక్కన పెట్టిన్రో! నల్గొండల, పాలమూరుల టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు కుట్టిన చేతులవి. చేతులు కుట్టు మర్చిపోవు. నలభై దాటినంక దగ్గరి చూపు తగ్గుతది, అంతే.

అసలు తప్పు బట్ట దగ్గర జరుగుతది. పిల్లలు ప్రేమతోనే కిట్ తెప్పిస్తరు, చూస్తే అది 18 కౌంట్ ఐడా, అంటే ఈ కుట్టు కోసం గళ్లుగా నేసిన బట్ట. 18 కౌంట్ అంటే అంగుళానికి 18 చిన్న గళ్లు. మళ్లా మొదలుపెట్టేటోళ్లకు 11 కౌంట్ ఇయ్యుండ్రి. దానికి మూడు పోగులు, 22 నంబర్ మొద్దు మొన సూది. 70 గళ్ల వెడల్పు, 98 గళ్ల ఎత్తున్న బొమ్మ 14 కౌంట్ మీద 5, 7 అంగుళాలైతది. 11 మీద దగ్గర దగ్గర 6.4, 8.9. చుట్టూ 3 అంగుళాలు వదలాలె కాబట్టి 12.5, 15 అంగుళాల ముక్క కోయించుండ్రి. దారం గూడ ఎక్కువ పడుతది.

దుకాణంల మ్యాటీ (ఐడా లాంటి గళ్ల నేత) బట్ట కొనేటట్టయితే స్కేలు తీసుకపోండ్రి. నిలువుకు, అడ్డానికి ఒక్కో అంగుళంల గళ్లు లెక్కబెట్టి చూడాలె. రెండు లెక్కలు కలవకపోతే గుండ్రటి పువ్వు కోడిగుడ్డు లెక్క అయితది.

దారం మూరకు మించి కోయొద్దు. పొడుగైతే గడిగడికి రాసుకొని నూగు లేస్తది, ముడి పడుతది. ఈ దారంల ఆరు పోగులుంటయి, వాటిల నుంచి ఒక్కో పోగు విడిగా పైకి లాగి, మళ్లా జత చేయాలె. రెండు పోగుల కుట్టుకైతే ఒకటే పోగు మడిచి ఉచ్చు వేసి మొదలుపెట్టొచ్చు. మూడు పోగులకు ఆ ఉపాయం పనికిరాదు, తోకను వెనుక కుట్ల కింద అణచాలె.

లైటు ఎడమ దిక్కు నుంచి రావాలె, కుడిచేతి నీడ గడి మీద పడకుండ. నల్లబట్ట అయితే ఒడిల తెల్ల తువ్వాల పరుచుకోండ్రి, రంధ్రాలు కండ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతయి. అద్దాలకు పోయినప్పుడు కుట్టేటప్పుడు బట్ట ఎంత దూరంల ఉంటదో టేపుతోటి కొలిచి డాక్టరుకు చెప్పాలె. మెడల వేసుకునే భూతద్దం మంచిదే, పని అయినంక మాత్రం గుడ్డ కప్పుండ్రి. మన ఎండ కిటికీల నుంచి దాని మీద పడితే బట్ట అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకో ముచ్చట ఎవరూ పట్టించుకోరు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దోళ్లకు కీళ్లు బిగుసుకపోయి ఉంటయి. వాళ్లను రింగు (బట్టను బిగించి పట్టే గుండ్రటి చట్రం) చేతుల పట్టుకొని కుట్టమనుడు అన్యాయం. రింగును స్టాండుకు బిగిస్తే ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టి సూది నిలువుగా గుచ్చి లాగొచ్చు. రింగును పట్టుకునే పనే ఉండదు. లేచేటప్పుడు రింగు తీసేయాలె, లేకుంటే మడత మరక పడుతది. చెమటకు సూది తుప్పు పడుతది, బట్టల గుచ్చి వదలొద్దు.

చార్టును (ఏ గడిల ఏ రంగు కుట్టాల్నో చూపే కాగితం) జిరాక్స్ దుకాణంల ఏ4 నుంచి ఏ3కి, 141 శాతం పెంచించుండ్రి. బట్ట మీద పదేసి గళ్లకు ఒక గీత, నీళ్లకు పోయే పెన్నుతోటి. ఉతకకుండ ఇస్త్రీ చేస్తే ఆ గీత ఉండిపోతది, జాగ్రత్త. "గీతలు గీసుకొని కుట్టుడు కూడ కుట్టేనా" అనేటోళ్లున్నరు. వాళ్లు పోచంపల్లి, పుట్టపాక పోయి రావాలె. అక్కడి నేతగాళ్లు చిటికి (నూలుకు ముడులు కట్టి రంగు అద్ది నేసే పని) డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కబెట్టే గీస్తరు. ఆ చీరను ఎవరన్న తక్కువ చేసి మాట్లాడుతరా?

కిట్ కొనిచ్చే ముందు అత్తమ్మనో, పెద్దమ్మనో దగ్గర కూర్చోబెట్టి 11, 14 కౌంట్ ముక్కలు రెండూ చేతికియ్యుండ్రి. పగటి వెలుతురుల గళ్లు తడుముకోకుండ లెక్కబెట్టగలిగిన ముక్కనే కొనుండ్రి.