ఇటలీ ప్రభుత్వ రుణం గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ ఇటలీ ప్రభుత్వ రుణం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగాల్సిన పని లేదు, బ్యాంక్ ఆఫ్ ఇటలీ నెలనెలా లెక్క కట్టి మరీ చెబుతోంది. 2025 మొదట్లోనే 3 లక్షల కోట్ల యూరోల గీత దాటేశారు. తేడా అల్లా ఇంట్లో మనుషుల సంగతే. పదేళ్ల కిందట 6 కోట్లకు పైగా ఉన్న జనం 5.9 కోట్లకు దిగారు. 2024లో పుట్టినవాళ్లు సుమారు 3.7 లక్షలు, పోయినవాళ్లు 6.5 లక్షలు. 1964లో అదే దేశంలో ఒక్క ఏడాదిలో 10 లక్షల మందికి పైగా పిల్లలు పుట్టారు. అంటే మీరు ఒళ్లు చేయకుండా కూర్చున్నా తలసరి వాటా దానంతటదే పెరుగుతుంది. ఇప్పటికే మనిషికి 50 వేల యూరోలు దాటింది. ఇంత హాయిగా బతికే అప్పు లోకంలో బహుశా ఇంకోటి లేదు.

మీ వంశం గొప్పది. ఇటలీ రాజ్యం 1861 మార్చి 17న పుట్టింది. జులై 10 నాటికే ప్రభుత్వ రుణ మహాగ్రంథం అని ఒక చట్టం తెచ్చి, ఆగస్టులో కలిసిన చిన్న రాజ్యాల పాత అప్పులన్నీ అందులో ఎక్కించారు. దేశానికి ఒక భాష కుదరడానికి తరాలు పట్టింది కానీ, ఒక అప్పు కుదరడానికి ఐదు నెలలు కూడా పట్టలేదు. ఆ అప్పు తీర్చడానికి క్వింటీనో సెల్లా ముందే ప్రతిపాదించిన పిండి పన్నును 1868లో ఆర్థికమంత్రి కాంబ్రే-దిన్యీ హయాంలో చట్టం చేశారు. 1869 జనవరి నుంచి మరలకు మీటర్లు బిగించి, రాయి ఎన్ని చుట్లు తిరిగితే అంత పన్ను అన్నారు. రాయి కింద గోధుమ ఉందో, మొక్కజొన్న ఉందో, రాయి కొత్తదో అరిగినదో మీటరుకు తెలియదు. మరలు మూసేశారు, ఊళ్లు తిరగబడ్డాయి, 250 మందికి పైగా చనిపోయారు. చివరికి 1876 మార్చి 16న ప్రధాని మింగెట్టి పార్లమెంటులో లేచి బడ్జెట్ సమతూకానికి వచ్చిందని ప్రకటించాడు. 18న ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఆ రెండు రోజులు మీకెంత దిగులుగా గడిచాయో గానీ, తర్వాత వచ్చినవాళ్లు ఆ సంగతి బాగా గుర్తు పెట్టుకున్నట్టే ఉన్నారు.

మీ అసలు యవ్వనం 1970, 80లు. 1973లో ఒక డిక్రీ వచ్చింది. పెళ్లయిన, పిల్లలున్న ప్రభుత్వోద్యోగినులు 14 ఏళ్ల 6 నెలల 1 రోజు సర్వీసుతో పెన్షన్ తీసుకోవచ్చన్నారు. ఆ ఒక్క రోజు ఎందుకంటే, ఆర్నెల్లు దాటిన సర్వీసును పూర్తి ఏడాదిగా లెక్కవేసే నియమం ఉంది కనుక! ముప్ఫైల్లో ఉద్యోగం మానేసి, నలభై ఏళ్లకు పైగా పెన్షన్ అందుకున్నవాళ్లు ఆ చట్టం పుణ్యమే. 1981లో ఆర్థికమంత్రి ఆండ్రెయాట్టా, బ్యాంక్ ఆఫ్ ఇటలీ గవర్నర్ చాంపి ఉత్తరాలు రాసుకుని, అమ్ముడుపోని ప్రభుత్వ బాండ్లను కేంద్ర బ్యాంకు కొనాల్సిన ఏర్పాటును రద్దు చేసుకున్నారు. దీన్ని అక్కడ విడాకులంటారు. విడాకులు సబబే. చిక్కేమిటంటే ఖర్చులు మాత్రం కాపురం నాటివే. ఏటా జీడీపీలో 10 శాతం పైచిలుకు లోటు, దానికి బజారు వడ్డీ. 1980లో జీడీపీలో 60 శాతం లోపున్న మీరు 1994కల్లా 120 దాటేశారు.

ఇక్కడో మాట మీ తరఫున చెప్పాలి, ఎందుకంటే పొరుగువాళ్లు మీ మీద చెప్పేదంతా తప్పు. ఇటలీవాళ్లు జల్సారాయుళ్లు, రాబడికి మించి ఖర్చు పెడతారు కాబట్టే అప్పు అంటారు. 1992 నుంచి 2019 దాకా చూస్తే, 2009 ఒక్కటి వదిలేసి, ఇంచుమించు ప్రతి ఏడాదీ వడ్డీ తీసేస్తే ప్రభుత్వానికి ఖర్చు కన్నా రాబడే ఎక్కువ. దాన్నే ప్రాథమిక మిగులు అంటారు. ముప్ఫై ఏళ్లు కడుపు కట్టుకున్నారు, అయినా మీరు తగ్గలేదు. లెక్క సులువు. అప్పు జీడీపీలో 135 శాతం, దాని మీద సగటు వడ్డీ 3 శాతం అనుకుందాం, జీడీపీ ధరలతో కలిపి 2 శాతమే పెరిగిందనుకుందాం. ఆ 1 శాతం తేడాకే అప్పు నిష్పత్తి ఏటా సుమారు 1.35 పాయింట్లు పెరుగుతుంది. ఉన్నచోటే నిలబడడానికి జీడీపీలో 1.35 శాతం మిగులు కావాలి. అందుకే మీ తిండి వృథా ఖర్చు కాదు, ఎదగని జీడీపీ. 2024లో వడ్డీకే సుమారు 8,500 కోట్ల యూరోలు పోశారు. అసలు కన్నా వడ్డీ ముద్దంటారు మన తాతలు. అక్కడి తాతలకు ముద్దు చేయడానికి మిగిలింది ఈ వడ్డీ ఒక్కటే, సగటున ఒక స్త్రీకి 1.18 మంది పిల్లలాయె.

మిమ్మల్ని మేపడానికి ఒకసారి జనం ఖాతాల్లోకే వెళ్లారు. 1992 జులైలో రాత్రికి రాత్రి అమాటో ప్రభుత్వం ప్రతి బ్యాంకు ఖాతాలోంచి వెయ్యికి ఆరు చొప్పున కోసుకుంది. తెల్లారి లేచేసరికి పని అయిపోయింది. అంత కోసినా సెప్టెంబరులో నాటి కరెన్సీ లీరా యూరప్ మారకపు రేట్ల వ్యవస్థ నుంచి బయటపడక తప్పలేదు.

ప్రభుత్వాల సంగతి ఎలాగూ మీకు నవ్వులాటే. 1946 నుంచి 2022 అక్టోబరులో వచ్చిన మెలోనీ ప్రభుత్వం వరకు 68. రెండు సభలకూ సమాన అధికారం, రెండింటి విశ్వాసమూ కావాలి. 2020 రిఫరెండంతో సభ్యులను 945 నుంచి 600కు తగ్గించారు, అధికారాలు మాత్రం ముట్టుకోలేదు. బడ్జెట్ డిసెంబరు 31 లోపు రెండు సభలూ దాటాలి. దాటకపోతే నెలకు పన్నెండో వంతు చొప్పునే ఖర్చు పెట్టాలి. ఆ భయంతో చేసేదేమిటంటే, అన్ని సవరణలనూ ఒకే పెద్ద సవరణలో కుక్కి, దాని మీద విశ్వాస తీర్మానం పెడతారు. ఒక సభ చర్చిస్తుంది, రెండోది తల ఊపుతుంది. 2007 బడ్జెట్ చట్టంలో ఒకే అధికరణం, అందులో 1,364 పేరాలు. చదివినవారెవరో మీకు తెలిస్తే చెప్పండి.

మీకు ఈ మధ్య జరిగిన విందు మాత్రం సూపర్‌బోనస్. 2020లో మొదలైంది. గోడలకు వేడి ఆగే పొర వేయించండి, బాయిలర్ మార్చండి, ఇల్లు కనీసం రెండు ఎనర్జీ తరగతులు పైకెక్కితే చాలు, 100 యూరోల ఖర్చుకు 110 యూరోల పన్ను తగ్గింపు అన్నారు. పన్ను అంత కట్టనివాళ్లు ఆ హక్కును కాంట్రాక్టరుకు ఇవ్వొచ్చు, అతను బ్యాంకుకు అమ్ముకోవచ్చు. ఇక బేరమాడేదెవరు? యజమానికి జేబులోంచి పైసా పోదు, కాంట్రాక్టరుకు బిల్లెంత పెరిగితే అంత మేలు. పరంజాలు దొరకలేదు, పని మొదలుపెట్టని ఇళ్లకూ బిల్లులు పుట్టాయి. మోసాల తనిఖీ డిక్రీ 2021 నవంబరులో, అంటే దొంగలు వెళ్లాక, వచ్చింది. హక్కుల అమ్మకం 2023 ఫిబ్రవరిలో ఆపారు. దాదాపు 5 లక్షల భవనాలు, 12,000 కోట్ల యూరోలకు పైగా. ఇందులో మీకు నచ్చే కిటుకు ఒకటుంది. ఆ డబ్బు పని జరిగిన ఏళ్ల లోటులోనే రాశారు, కానీ పన్ను తగ్గింపు నాలుగైదేళ్లకు పరుచుకుంది. అందుకే లోటు తగ్గుతున్నా మీరు పెరుగుతూనే ఉన్నారు.

మీకు కోపం వస్తే జ్వరం కొలిచే థర్మామీటరు ఉండనే ఉంది: పదేళ్ల ఇటలీ బాండు వడ్డీకీ జర్మనీ బాండు వడ్డీకీ తేడా. 2011 నవంబరు 9న అది 570 బేసిస్ పాయింట్లు, అంటే 5.7 శాతం, దాటింది, 12న బెర్లుస్కోనీ రాజీనామా చేశాడు. డిసెంబరు 4న కార్మిక మంత్రి ఫోర్నేరో పెన్షన్ కోతలు ప్రకటిస్తూ త్యాగాలు అన్న మాట దగ్గర ఏడ్చేసింది. పెన్షన్ వయసు ఇప్పుడు 67. కానీ 1995 సంస్కరణ గీసిన గీత చూడండి: అప్పటికి 18 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు జీతాన్ని బట్టి పెన్షన్, కొత్తగా చేరినవాళ్లకు కట్టిన చందాను బట్టి. కోత పడింది ఎక్కువగా అప్పటికి ఇంకా ఉద్యోగంలో చేరని కుర్రవాళ్ల మీదే.

పిల్లలు లేకపోతే బయటివాళ్లు ఉన్నారు కదా అనొచ్చు. ఉత్తర ఇటలీలోని పో నది మైదానంలో చీజ్ కోసం పాలు పితికే చేతుల్లో చాలా పంజాబ్ నుంచి వచ్చినవే. పౌరసత్వానికి వాళ్లు పదేళ్లు ఉండాలి. దాన్ని ఐదుకు తగ్గించే రిఫరెండం 2025 జూన్‌లో పెడితే 30 శాతం మందే వచ్చారు, సగం రాకపోతే చెల్లదు కాబట్టి చెల్లలేదు.

మీ మీద ప్రేమ ఉన్నవాళ్లూ లేకపోలేదు. బాండు వడ్డీ మీద పన్ను 12.5 శాతం, మిగతా పెట్టుబడుల మీద 26. ఆ బాండ్లకు వారసత్వ పన్ను లేదు. సంక్షేమ అర్హత లెక్కలో 50 వేల యూరోల దాకా మిమ్మల్ని చూడనట్టే వదిలేస్తారు. తాతయ్య కొంటాడు, కొడుక్కి వస్తుంది, వడ్డీ మాత్రం కొనలేని ఇంటి పిల్ల పన్నులోంచి వస్తుంది.

ఇక విన్నపం. 2016లో మీ పేర అమ్మిన 50 ఏళ్ల బాండు అసలు 2067 మార్చి 1న చెల్లించాలి. 2024లో పుట్టిన ఆ 3.7 లక్షల మందికి అప్పటికి 42, 43 ఏళ్లుంటాయి. వాళ్లలో మ్యూనిక్‌కో, లండన్‌కో వెళ్లేవాళ్లు 90 రోజుల్లో విదేశవాసుల రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలని చట్టం. ఇప్పటికే అందులో 60 లక్షల మందికి పైగా ఉన్నారు. కొత్త చిరునామాలు అప్పటికప్పుడు తెప్పించుకుంటూ ఉండండి, రసీదు పంపాల్సి వస్తే పనికొస్తాయి.

ఇట్లు
మీ వడ్డీ లెక్క చూస్తూ కూర్చున్నవారు