కోనసీమ అనగానే

మాది కోనసీమ అని చెప్పగానే ఎదుటివారు కొబ్బరితోటలు, కోడిపందేలు, పూతరేకులు, వెటకారం అంటూ మా బతుకంతా తామే చెప్పేస్తారు. "మీకేం లోటండీ, కాలువ నీళ్లున్నాయి" అని ఒక బ్యాంకు ఉద్యోగి మా అన్నయ్యతో అన్నప్పుడు, వానకు నానిపోయి మొలకెత్తిన వరి కంకులు అన్నయ్య చేతిలోనే ఉన్నాయి, కౌలు ఎలా కట్టాలో తెలియని దిగులు ముఖంలో ఉంది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారని అందరికీ తెలుసు గానీ, మురుగు కాలువలు పూడి చేలు మునుగుతుంటే, పెట్టుబడి కూడా తిరిగి రాకపోతే, 2011లో ఇక్కడి రైతులు సాగు చేయబోమంటూ పంట విరామం ప్రకటించారన్న సంగతి ఎవరికీ పట్టదు. ఇది నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లిన మా ఊరి ఆడవాళ్లు కోనసీమ అంటూ అందరూ చూపించే పచ్చని ఫొటోల్లో ఎక్కడున్నారు? అడిగితే చెప్పేవాళ్లమే.