చిరంజీవి బోజొలే నువోకి

ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

చిరంజీవి అన్నది మర్యాదకే. ఫ్రాన్సులోని బోజొలే సీమ ఎర్ర వైనువి, నువో అంటే కొత్తవాడివి. నవంబరులో పుట్టినవాడివి, ఉగాది దాకా నిలిస్తే గొప్ప. సెప్టెంబరులో కోసిన గామే ద్రాక్షని గుత్తులు గుత్తులుగానే తొట్టిలో పడేసి, బొగ్గుపులుసు గాలి నిండేలా మూత బిగిస్తారు. మా ఊళ్లో అరటిగెలల్ని పొగబెట్టి మగ్గేస్తారు చూడు, దాదాపు అదే యవ్వారం. పైగా గ్లాసు ముక్కు దగ్గర పెడితే అరటిపండు వాసనే! ద్రాక్ష కడుపున పుట్టి అరటి వాసన కొట్టడం నీకే చెల్లింది.

నీ వంశాన్ని 1395లోనే బర్గండీ డ్యూక్ ఫిలిప్ "మహా చెడ్డది, నమ్మకద్రోహి" అని తిట్టి, గామే మొక్కల్ని పీకించమన్నాడు. ఆయన తిట్టిన మొక్కకి ఇప్పుడు పెళ్లికొడుకు రాకడ. నవంబరు మూడో గురువారం, అర్ధరాత్రి దాటాక గానీ నిన్ను అమ్మకూడదట. నీ సీమ పక్కనున్న ఈ లియోన్ నగరంలో ప్రతి కొట్టు అద్దం మీదా "బోజొలే నువో వచ్చేసింది" అని బోర్డు. వచ్చేసిందా? టోక్యోవాళ్లు నిన్ను 8 గంటల ముందే తాగేశారయ్యా, వాళ్లకి పొద్దు ముందు పొడుస్తుంది కదా. జపాన్‌లోనే వేడినీటి బుగ్గల ఊరు హకోనేలో అయితే నిన్ను తొట్టిలో పోసుకుని స్నానాలు కూడా చేస్తారు. నీ పక్క ఊళ్ల వైన్లు, మోర్గోన్, ఫ్లరీ, అదే గామేతో పుట్టినవాళ్లే. వాళ్ల సీసా మీద నువో అని రాసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. రాసుకోమన్నా రాసుకోరులే.

ఇన్ని తిట్టాను గానీ, ఇక్కడి బుషోన్‌లో, అదే, ఈ ఊరి పాతకాలపు భోజనశాలలో, నిన్ను చూస్తే కోపం నిలవదు. అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో వస్తావు, ఒళ్లంతా చెమట పట్టి. పక్కన పల్చగా కోసిన రోజెట్ అనే పందిమాంసపు సాసేజి, కొవ్వు చుక్కలు మెరుస్తూ. ఒక ముక్క, ఒక గుక్క. నీ పులుపు ఆ కొవ్వుని కడిగేస్తుంది, వగరు తక్కువ కాబట్టి నాలుక పిడచకట్టదు. ఆ తర్వాత "నేతగాడి మెదడు" వస్తుంది. బెదరకు, మెదడేమీ ఉండదు: గిలక్కొట్టిన తాజా చీజులో ఉల్లికాడల్లాంటి ఆకు, వెల్లుల్లి, ఆలివ్ నూనె. మన పెరుగుపచ్చడికి ఫ్రెంచి మేనత్త కూతురు. దానితోనూ నువ్వు బుద్ధిగా సర్దుకుపోతావు.

పోయినేడు మాత్రం నా పరువు తీశావు. స్నేహితురాలింటికి నిన్ను చంకన పెట్టుకుని వెళ్లాను. తలుపు తీసి సీసా వైపు చూసి, "ఓ, నువ్వో!" అంది. నవ్వుకున్నాం. గోంగూర మటన్ వడ్డించింది. గోంగూర పులుపు ముందు నీ పులుపు ఏపాటిది? గుంటూరు కారం తగిలాక రెండో గుక్కకే రంగునీళ్లయిపోయావు. నిన్ను హీటరు పక్క అరలో పెట్టిన పాపం నాదే. 12, 13 డిగ్రీల్లో ఉండాల్సినవాడివి, గోరువెచ్చని దగ్గుమందులా దిగావు.

ఈ గురువారం మళ్లీ వస్తున్నాను. అరగంట ముందే ఐసు బకెట్లో కూర్చో. గోంగూర జోలికి నేను రాను, గొప్పల జోలికి నువ్వు రాకు.

జవాబు రాసేట్టయితే ఉగాదిలోపు రాయి.

ఇట్లు,
బుషోన్‌లో కిటికీ పక్క బల్ల